గొట్టం వాటా

జగన్నాధం ఇవాళ మంచి కిడ్నీయే ఇచ్చాడు, నెత్తురు నరం బొటనవేలంత పొడుగుంచి మరీ కోశాడు. మొదట్లో మొదలంటా నరికి పారేసేవాడు, నరమెందుకమ్మా, అది ఉడకదు గదా అని నవ్వేవాడు, ఇది కూరకు కాదు జగన్నాధం, కాసేపు బతికించడానికి అంటే మాంసం కొట్టు ముందు నిలబడ్డవాళ్లంతా నన్ను ఎగాదిగా చూసేవారు, కోసేసిన మేక కిడ్నీని బతికిస్తానంటున్న ఈ మనిషికి పిచ్చి ఎంతవరకు ముదిరిందో అని కాబోలు. ఇప్పుడు ఏమీ అడగడు. ఆదివారం పొద్దున్నే ఐసు వేసిన ఉప్పునీళ్ల క్యారేజీలో పెట్టి, మూత బిగించి చేతికిస్తాడు. అది ఒళ్లో పెట్టుకుని నెల్లిమర్ల నుంచి ఆటోలో కాలేజీకి వచ్చి, ఎవరూ లేని ల్యాబు తాళం తీసి, నరంలోకి సన్న స్టీలు గొట్టం దూర్చి దారంతో ముడి వేసి, పంపు స్విచ్చి నొక్కాను. లోపలి రక్తం కడుక్కుపోయింది, కిడ్నీ పాలిపోయి బిగిసి, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. ఇక గంట. జగన్నాధం చేతి చలవ బాగుంటే ఇంకాస్త. తర్వాత వాచిపోతుంది, ఎంత పంపు కొట్టినా ఒక పక్క పోసిన నీళ్లు ఇంకో పక్క నీళ్లుగానే వస్తాయి. ఈ గంటలో నేను రెండు పనులు చేయాలి. ఒకటి, రంగు ఎక్కించి కిడ్నీ దాన్ని ఎంతసేపు పట్టి ఉంచుతుందో కొలవడం. రెండోది, అత్తకు ఫోను చేసి నా మొగుడు చనిపోయాడో లేదో చెప్పడం.

నాకు తెలుసని కాదు, ఎవరికీ తెలియదు. ఏడేళ్ల కిందట వేటకు వెళ్లిన తెప్ప ఒడిశా ఒడ్డున బోర్లా దొరికింది, తోడు వెళ్లిన ఇద్దరిలో ఒకడి శవం దొరికింది, ఇంకొకడు ఈదుకుంటూ గట్టెక్కాడు, సూరి బావ మాత్రం రెండిట్లో ఏదీ కాలేదు. అప్పలసూరి అని పెట్టారు పేరు, మా మేనత్త కొడుకు, నేను పుట్టినప్పుడే నావాడని రాసిపెట్టేశారు. శవం దొరకని వాళ్లకు మావాళ్లు గడ్డితో మనిషిని కట్టి, పోయినవాడి బట్ట తొడిగి, కాటికి తీసుకెళ్తారు, అప్పటికి గాని మనిషి పోయినట్టు కాదు, పెళ్లాం గాజులు తీసినట్టూ కాదు. ఏటా ఈ అమావాస్య ముందు అత్త అడుగుతుంది, ఏటా నేను వద్దంటాను, ఆ మాటతో ఇంకో ఏడు గడుస్తుంది. ఈసారి అడిగిన తీరే వేరు. తెల్లారకముందే వాకిట్లో నెత్తళ్ల చేపలు ఆరబోస్తూ, నా వైపు చూడకుండా, రేపు అమావాస్య, కర్మ సేయించే దాసరి ఇయ్యాల మజ్జాన్నం దాకే మన మాట కోసం సూత్తాడంట, లేపోతే ఏరే ఊరెల్లిపోతాడంట, ఏటంటావే అంది. నాకు ఇయ్యాల కిడ్నీ ఉన్నాది అత్తా అన్నాను. ఎవుల్దే అంది. మేకది అన్నాను. మేక కిడ్నీకున్నపాటి తీరుబడి నా కొడుక్కి లేదేటే నీకాడ అంది, నవ్వుతూనే అంది, మా అత్త దేముడమ్మ ఎప్పుడూ అంతే, కత్తిపీట ముందు కూర్చుని నవ్వుతూనే చేప తల తీసేస్తుంది. తర్వాత చేతికంటుకున్న పొలుసు చీరకు తుడుచుకుని, నాను పోతే ఆడికి కర్మ సేసినోలు ఎవులే, ఆలోసించు అంది. మజ్జాన్నంలోగా ఫోన్ సేస్తాను అని బస్సుకు పరిగెత్తాను, పారిపోయాననే అనాలి.

నా వెనకే వచ్చిన గిరిబాబు మేష్టారు కిటికీ దగ్గర కంప్యూటరు ముందు, నాకు వీపు పెట్టి కూర్చున్నారు. శ్రీకాకుళంలో డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతారు, నరసన్నపేట అవతల వరి రైతుల కుటుంబం, నా పీహెచ్‌డీ గైడు గారు ఏదో మీటింగులో పట్టుకుని, మా పిల్ల కిడ్నీ రీడింగులకు లెక్క కుదరట్లేదు చూడవయ్యా అని తగిలించారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం అరసవల్లి నుంచి మొదటి బస్సు పట్టుకుని వస్తారు. మొదటి రోజు నా సామాను అంతా చుట్టూ తిరిగి చూశారు, పంపు, పంపు నుంచి కిడ్నీకి గొట్టం, కిడ్నీ నుంచి, రంగు ఎంతుందో పసిగట్టే చిన్న గాజు సెల్లుకు ఇంకో గొట్టం. మీరు దేన్ని కొలుస్తన్నారండి అని అడిగారు. కిడ్నీని అన్నాను. కాదండి, కిడ్నీనీ గొట్టాన్నీ కలిపి కొలుస్తన్నారు అన్నారు. నాకు మండింది. లెక్కల వాళ్లకు ఇదొక జబ్బు, ఎదుటివాడి పనిలో ముందు తప్పు వెతికి, తర్వాత మంచినీళ్లడుగుతారు. కానీ ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. మా సేనుకి నీరు కాలవ మదుం తూము కాడ ఒగ్గితే ఎంటనే రాదండి, ముందు కాలవ తాగుతాది, గట్టు తాగుతాది, మజ్జిలో నీరు ముందొస్తాది, అంచుల నీరు ఈడుసుకుంటా వస్తాది, మా సేను ఎంత తాగిందో తెల్వాలంటే కాలవ తాగింది కాలవ లెక్కలో రాసీయాలి. గొట్టమూ అంతేనట. మధ్యలో నీళ్లు పరిగెడతాయి, గోడనంటుకున్నవి నడుస్తాయి, పంపు ఒత్తిడికి గొట్టం కాస్త ఉబ్బి, కాస్త ఆగి తిరిగిస్తుంది, ఒకే క్షణంలో ఎక్కించిన రంగు సెల్లు దగ్గరికి వచ్చేసరికి ముందూ వెనకా సాగిపోతుంది. తెర మీద గీత చూసి ఇది కిడ్నీ అనుకుంటాం. అందులో గొట్టం వాటా ఎంతో తీసేస్తే గాని కిడ్నీ వాటా తేలదు.

వాటా అన్న మాట నాకు కొత్త కాదు. వల లాగాక తెప్పకో వాటా, వలకో వాటా, ఇంజనుకో వాటా, మనిషికి మిగిలింది మనిషికి. తెప్పకు ప్రాణం లేకపోయినా దాని వాటా దానిదే, ఎవరూ కాదనరు. అదే మాట సూరి బావ అనేవాడు, నీ సదువుక్కూడా ఓ వాటా తియ్యాలే మనింట్లో అని. పెళ్లయ్యేసరికి నేను డిగ్రీ చదువుతున్నాను, మా జాలర్ల వాడలో ఆడపిల్ల డిగ్రీ దాకా రావడమే ఎక్కువ, ఇక ఆపీ అన్నారు అంతా, బావ ఒక్కడే ఆపొద్దన్నాడు, నాను ఏటకెల్తాను, నువ్వు సదువుకెల్లు, ఇద్దరికీ సాయంత్రం ఇంటికి రావడమే గదా అన్నాడు. ఇంటర్ ఫెయిలైన మనిషి. నా పుస్తకంలో బొమ్మలు చూసి పేర్లడిగేవాడు, మర్నాడు చేపలో అది ఎక్కడుందో చూపించమనేవాడు. ఒకసారి చిన్న సొరను కోసి, దాని గుండె అరచేతిలో పెట్టుకుని, ఆకుపచ్చ గళ్ల చొక్కా బొత్తాలైనా పెట్టుకోకుండా ఒడ్డు నుంచి ఇంటిదాకా పరుగున వచ్చాడు, ఇంకా కొట్టుకుంటోంది అది, ఒళ్లు లేదు, రక్తం లేదు, ఉప్పునీళ్ల తడిలో తనపాటికి తాను కొట్టుకుంటోంది, ఇదిగోనే నీ సదువు అన్నాడు, రొప్పుతూ. ఇద్దరం గుమ్మంలో కూర్చుని అది ఆగేదాకా చూశాం. ఆ రోజు నేను వంట చేయలేదు, అత్త ఇద్దర్నీ తిట్టింది. అవయవాన్ని ఒంట్లోంచి తీసి బతికించే పని నాకు ఎందుకు పట్టిందని ఇంటర్వ్యూలో అడిగితే మన వైపు కిడ్నీ జబ్బుల గురించి ఏదో చెప్పాను. అది అబద్ధం కాదు, ఉద్దానం వైపు వెళ్లి చూసినవాళ్లెవరికైనా ఆ పని చేయాలనిపిస్తుంది. కానీ అసలు సంగతి ఆ అరచెయ్యి.

రంగు ఎక్కించడానికి ఇంకా టైముంది, ముందు ఒత్తిడి నిలకడగా ఉందో లేదో చూడాలి. పంపు గుండ్రంగా తిరుగుతూ గొట్టాన్ని నొక్కుతోంది, వదులుతోంది, నొక్కుతోంది. ఈ గొట్టం మంచిది, బెంగళూరు నుంచి తెప్పించాం. దీనికి ముందున్నది రొయ్యల చెరువు గొట్టం. అదొక నవ్వుల కథ, మా గైడు గారి ముందు మాత్రం నవ్వకూడదు. పాతది పగిలినప్పుడు కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు, మా వాడ పక్క చెరువుల్లో గాలి ఎక్కించే మెత్తటి గొట్టం చుట్టలు చుట్టలుగా పడి ఉంటుంది, ఓ బారెడు కోసి తెచ్చేశాను. మావాళ్లకు ఏది చెడినా మందు రొయ్యల చెరువులోనే దొరుకుతుంది, ఇంటి కుళాయికీ అదే గొట్టం, తెప్ప ఇంజనుకూ అదే, పెళ్లిపందిట్లో టెంటు కట్టడానికీ అదే. సరిగ్గా సరిపోయింది. కొత్త గొట్టం వేసినప్పుడల్లా కిడ్నీ లేకుండా, రెండు గొట్టాల మూతులూ ఒకదానికొకటి కలిపి, ఉత్తదే ఒకసారి రంగు నడిపి చూడాలి, గొట్టం ఒక్కటే ఎంత ఆలస్యం చేస్తుందో రాసుకోవాలి, దాన్ని మేం ఉత్త పరుగు అంటాం. ఆ ఉత్త పరుగు చేయలేదు. పాత గొట్టం లెక్కే వాడేశాం, పొడుగు అదే, లావు అదే, గొట్టం గొట్టమే గదా అని. ఇక చూడండి మా వైభవం. మేక కిడ్నీ రంగును రెండింతలసేపు పట్టి ఉంచుతోంది. ఆర్నెల్లు అదే చూశాం, ప్రతి ఆదివారం అదే, శ్రీకాకుళంలో సెమినారులో చదివాం, చప్పట్లు కొట్టారు. మేష్టారు దానికి ఓ సమీకరణం కూడా కట్టారు, బహు అందమైన సమీకరణం. చివరికి ఒక రోజు సామాను కడుగుతుంటే గొట్టం నీలంగా ఉంది, ఎంత కడిగినా నీలంగానే ఉంది, కిడ్నీ పెట్టకుండా వట్టి నీళ్లు నడిపితే వాటిలోనూ రంగు వచ్చింది, సన్నగా, ఆగకుండా. రంగును పట్టి ఉంచింది కిడ్నీ కాదు. చెరువు గొట్టం మెత్తటి గోడల్లోకి రంగు పీల్చుకుని, తీరిగ్గా కొంచెం కొంచెం వదులుతోంది. ఆర్నెల్లు గొట్టం బుద్ధిని మేక్కి అంటగట్టీసినాం రాజకుమారి గారు అని మేష్టారు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. నేను నవ్వలేదు. ఆ రాత్రి వాడకు వెళ్లాక కూడా నవ్వు రాలేదు.

ఎందుకంటే అప్పుడు మొదటిసారి నా గురించి అనుమానం వచ్చింది. ఈ ఎదురుచూపు నాదేనా అని. వాడలో ఏ ఇంటిముందు నడిచినా, ఏ ముసలమ్మ పలకరించినా, మీ సూరి కబురేటైనా తెలిసిందేటే అనే గొంతు, ఎవరి పెళ్లికైనా నన్ను ముత్తయిదువుల్లో కూర్చోబెట్టాలా వద్దా అని గుసగుసలు, చివరికి ఓ మూల సగం కూర్చోబెట్టడం, అత్త ప్రతి సాయంత్రం చీకటి పడేదాకా ఒడ్డు వైపు పెట్టే ముఖం, వీటన్నిట్లోంచీ సన్నగా ఆగకుండా రంగు వస్తూనే ఉంటుంది. ఇది గొట్టం పీల్చుకున్నదా, లేక నా లోపల ఇంకా పుడుతున్నదా? గట్టెక్కినవాడు, అతని పేరు తలచుకోవడం కూడా నాకిష్టం లేదు, బతికొచ్చాడన్న ఒకే ఒక్క నేరానికి, ఒడ్డున పడుకోబెట్టి నీళ్లు తాగిస్తే చెప్పిన మొదటి మాట, నాను సూసినప్పుడు సూరి ఉన్నాడు, డబ్బా పట్టుకుని ఈదుతన్నాడు అని. నేను చూసినప్పుడు ఉన్నాడు. ఆ ఒక్క మాట మీద మేమిద్దరం ఆడవాళ్లం ఇన్నేళ్లు బతికాం. ఇప్పుడు ఈ పని చేస్తున్నాను గనుక తెలుసు, సెల్లు దగ్గర కనిపించేది ఎప్పుడూ ఇప్పటిది కాదు. కిడ్నీ ఆగిపోయాక కూడా గొట్టంలో ఉన్నంత సేపూ దాని పాత నీళ్లు వస్తూనే ఉంటాయి, తెర మీద గీత ఏమీ జరగనట్టే నడుస్తుంది, చూసేవాడు అంతా బాగుందనుకుంటాడు. అతను మాకు ఆ మాట చెప్పేసరికే అది ఎంత పాతదో.

ఒత్తిడి నిలబడిందండి అన్నారు మేష్టారు, తిరక్కుండానే. సిరంజిలోకి రంగు లాగాను. చిటికెడు నీలం, ఒకే ఒత్తులో పోవాలి, చెయ్యి తడబడితే గీత మొదలే చెడుతుంది. నొక్కాను. నీలం గొట్టంలో పాకి కిడ్నీలోకి మాయమైంది. ఇక చూడ్డమే, మేం ఇద్దరం ఆ తెర కేసి.

ఉత్త పరుగు. మనిషికి ఉత్త పరుగు ఎలా చేస్తారు? కిడ్నీ తీసేసి గొట్టాల మూతులు కలిపినట్టు, బావను తీసేసి నన్ను చూడాలంటే బావ లేనప్పటి నేను కావాలి. అలాంటి నేను ఉంది. గౌను వేసుకుని, ముక్కు కారుతూ, అమ్మ కొంగు పట్టుకుని ఇసకలో నిలబడి ఉంది. నాన్న తెప్ప కోసం. మా వాడలో ఆడపిల్లకు నడక కన్నా ముందు వచ్చేది ఎదురు చూడ్డం. అమ్మ మాట్లాడేది కాదు, కళ్లు చిన్నవి చేసి నీళ్ల మీద చుక్క వెతికేది, చుక్క కనపడగానే కడుపు మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలేది, నేనూ నా కడుపు మీద చెయ్యి వేసుకుని వదిలేదాన్ని, ఎందుకో తెలీదు, అలా వదలాలి కాబోలు అనుకునేదాన్ని. నాన్న రోజూ వచ్చేవాడు. వచ్చి అమ్మను ఏదో ఒకటి విసుక్కునేవాడు. ముసలివాడై మంచం మీద పోయాడు, సముద్రం ఆయన్ని ముట్టుకోలేదు. అయినా ఆ ఎదురుచూపు ఉందిగా, చుక్క కోసం వెతకడం, కడుపు మీదికి వెళ్లే చెయ్యి, తలుపు గొళ్లెం చప్పుడైతే మెడ తిరగడం, అన్నీ బావ రాకముందే నాలో ఉన్నాయి. మా అమ్మకు ఉన్నాయి, అత్తకు ఉన్నాయి, మొగుడు పక్కింట్లో పేకాడుతున్న ఆడదానికి కూడా ఉన్నాయి. ఏడేళ్లుగా నేను చేస్తున్న దాంట్లో ఎంతో భాగం ఇదే. ఇది వాడ వాటా. నేను దీన్ని ప్రేమ అనుకుని గర్వపడ్డాను కూడా, రాజకుమారి చూడు ఎంత నిష్ఠో అని నలుగురూ అనుకుంటుంటే విననట్టు విన్నాను.

తెర మీద గీత లేచింది. నిటారుగా పైకి వెళ్లి, తల వంచి, నెమ్మదిగా దిగుతోంది, దిగి దిగి ఆ తోక సాగుతోంది. మేష్టారు ఏవో మీటలు నొక్కుతున్నారు. ఆయనకు పెళ్లి కాలేదు, ఎందుకు కాలేదో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఆదివారం ఆదివారం ఎవరితో ఏటి లెక్కలే అని వాడలో అడుగుతారు, అత్త మాత్రం వాళ్ల నోళ్లు మూయించి, ఇంటికొచ్చాక నాతో, ఆ లెక్కల మేష్టారు నెమ్మదస్తుడే గదా అంటుంది, అని నా ముఖంలోకి చూస్తుంది. నాకేం తెలియదని కాదు. నేను టిఫిను తేకపోయిన రోజు ఆయన ఆకలిగా లేదంటారు. ఒకే ఒక్కసారి, పోయిన ఏడాది బస్టాండులో, బస్సు కదిలే ముందు, మీ లెక్క మీరే తేల్సుకోవాలండి, నాను మజ్జిలో గొట్టాన్ని అవకూడదు అన్నారు, అని కిటికీ అవతలి వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ రోజు కాస్త కోపం వచ్చింది, కాస్త ఏడుపు వచ్చింది. మంచివాడు. మంచివాడని తెలిసి కూడా ఆయన పక్కన కూర్చున్నప్పుడు నాకు కావాల్సింది ఇంకొకరు, అదేం న్యాయమో నాకు తెలీదు.

ఎందుకంటే వాడ వాటా తీసేసినా మిగిలేది ఉంది. అది ఎదురు చూడ్డం కాదు. బావ వస్తాడని నేను అనుకోవడం లేదు, ఎప్పటినుంచో అనుకోవడం లేదు, ఈ మాట ఇప్పుడే, ఈ గీత దిగుతుండగా నాకు నేను ఒప్పుకుంటున్నాను. గొళ్లెం చప్పుడుకు తిరిగే మెడ నాదే కానీ, తిరిగాక అక్కడ అతను ఉంటాడని నాకు ఆశ లేదు. మిగిలింది వేరే. వేట నుంచి వచ్చి చల్లటి పాదాలు నా పిక్కలకు ఆనించి పడుకునేవాడు, నేను అరిచేదాన్ని, ఆ చలి కావాలి నాకు. అన్నం తింటూ మధ్యలో ఆగి, కొత్త సంగతి చెప్పే ముందు నవ్వు ఆపుకునేవాడు, మాట కన్నా ముందు ముక్కుపుటాలు కదిలేవి, ఆ కదలిక కావాలి. మెడ దగ్గర ఉప్పు, ఎంత స్నానం చేసినా పోయేది కాదు, అక్కడ ముఖం పెట్టుకుని పడుకోవాలని ఉంది, మధ్యాహ్నాలు, ఏ పనీ లేని ఆదివారం మధ్యాహ్నాలు. గొంతు మర్చిపోతున్నాను. అది భయం. ఇప్పుడు బావ అన్న మాటలు తలచుకుంటే సగం అత్త గొంతులో వినిపిస్తాయి, ఆమె అనుకరించి చెప్పేదిగా, ఏది ఆమెది ఏది అతనిది అని విడదీయలేక రాత్రిళ్లు కొట్టుకుంటాను. ఈ బెంగ మా అమ్మ నేర్పింది కాదు. వాడలో ఎవరూ దీన్ని నా చేతిలో పెట్టలేదు. అతను రావడం వల్ల పుట్టింది, అతను రాకపోవడం వల్ల పోయేది కాదు. గడ్డి మనిషిని తగలబెట్టినంత మాత్రాన కాలిపోయేదీ కాదు. అలాంటప్పుడు ఏడేళ్లు దేనికి భయపడ్డాను నేను? గాజులు తీస్తే అతని మీది ఈ బెంగ కూడా తీసుకుపోతారని. రెండూ ఒకటే అనుకున్నాను, కలిపి కొలిచాను.

కాదు, ఇంకోటి కూడా ఉంది. అత్త. వద్దు అన్న ప్రతిసారీ నేను ఆమె ముఖమే చూశాను. ఒక్కగానొక్క కొడుకు. నేను సరే అన్న రోజున ఈమె ఏమైపోతుంది, గడ్డి బొమ్మను చూసి తట్టుకుంటుందా, సాయంత్రాలు ఎటు చూస్తుంది అని. పైకి అడుగుతోంది గాని లోపల ఏముందో నాకు తెలియదా అని. ఈసారి మాత్రం ఆమె కంఠంలో నిజంగానే అలసట విన్నాను, నాను పోతే ఎవులే అన్నప్పుడు. తల్లి తనంతట తాను సిద్ధపడితే ఆపడానికి నేనెవరిని. ఆమె కోసమైనా ఇవాళ చెప్పేయాలి.

గొట్టం వాటా తీసీసినానండి అన్నారు మేష్టారు. లేచి వెళ్లి చూశాను. పెద్ద గీత కింద ఇంకో గీత, సన్నగా, పొట్టిగా. అంత ఆర్భాటం చేసిన కొండలోంచి మిగిలింది ఇంత. కానీ సున్నా కాదు. తోక చివర, గొట్టం ఎప్పుడో వదిలేసిన చోట కూడా, అది ఉంది, నేల మీద ఓ వెంట్రుక మందం ఎత్తులో, నిలకడగా. ఇది కిడ్నీదేనా అండి అన్నాను. కిడ్నీదే, ఇందులో ఇంకెవులికీ వాటా లేదు అన్నారు. నా ముఖం చూశారు, బెంచీ మీదున్న ఫోను వైపు చూశారు. ఇవాళ ఏమిటో ఆయనకు తెలుసు, పొద్దున్న ఆయన బస్సు దిగి రాగానే చెప్పేశాను. టీ తాగొస్తానండి అని చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఆదివారం కాలేజీ చుట్టుపక్కల టీ ఎక్కడా దొరకదు.

కిడ్నీ అంచులు వాచడం మొదలుపెట్టాయి, దానికింకా కాసేపుంది. పంపు ఆపలేదు. ఫోను తీసి నొక్కాను. ఒక్క రింగుకే ఎత్తింది, చేతిలో పట్టుకునే కూర్చున్నట్టుంది.

"అత్తా."

"సెప్పే."

"దాసరికి కబురెట్టీ. రేపు కానిచ్చీదాం."

అవతల గాలి హోరు, ఎవరిదో కోడి.

"ఏటే?" అంది.

"కానిచ్చీదాం అంటన్నాను. బావ రాడు అత్తా."

తర్వాత వచ్చిన గొంతు నేను ఎప్పుడూ విననిది, దేముడమ్మది కానట్టున్నది.

"ఒద్దంటావనుకున్నానే," అంది. "ఏటా ఒద్దనే అన్నావు గదా. నువ్వు ఒద్దంటావు గదా అన్న దైర్నంతోనే అడిగినాను."

ఆమె కోసమే ఏడేళ్లూ వద్దన్నానని నేను చెప్పలేదు. నేను వద్దనడం కోసమే ఆమె ఏడేళ్లూ అడిగిందని ఇప్పుడు తెలిసింది, కానీ తెలిసి ఏం చేస్తాం, మాట బయటికి వచ్చేసింది. వెనక్కి తీసుకోనా, ఇంకో ఏడు గడుస్తుంది, ఇద్దరం ఒకరినొకరు కాపాడుకుంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉంటాం. నోటిదాకా వచ్చింది. ఆమే ముందు మాట్లాడింది. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది, పెట్టె మూత తీసిన చప్పుడు.

"అయితే మరి బొమ్మకి ఆడి సొక్కా ఏది తొడుగుదుమే?"

"ఏదైనా ఇచ్చీ అత్తా," అన్నాను, "ఆకుపచ్చ గళ్లది తప్ప. అది నాకు కావాలి."